ఒక్క మిల్లీమీటర్ వదిలేస్తే చాలు: బికినీ ఏరియాలో షేవింగ్, మంట, పొక్కులు

బికినీ ఏరియాలో రేజర్ పెట్టిన రోజు చర్మం నున్నగా బానే ఉంటుంది, మర్నాటికి చురచుర, రెండో రోజుకో మూడో రోజుకో ఎర్రటి పొక్కులు, కొన్నిటికి తెల్లగా చీము తల, గోకితే పుండు, అది మానాక నెలల తరబడి నల్లమచ్చ. చాలామందికి జరిగేదే ఇది కానీ నోరు తెరిచి అడిగేవాళ్ళు తక్కువ, ఇంట్లో అమ్మనో అక్కనో అడగాలంటే మొహమాటం, డాక్టర్ దగ్గరకెళ్తే చూపించాల్సొస్తుందని భయం, మెడికల్ షాపులో కౌంటర్ వెనక మగాయన ఉంటే ఇంకా ఇబ్బంది. ఎవర్నీ అడక్క ఏం చేస్తారంటే రేజర్ బాలేదేమో అనుకుని ఇంకా ఎక్కువ బ్లేడ్లున్నది కొంటారు, ఇంకా దగ్గరగా గీస్తారు, పొక్కులు ఇంకా ఎక్కువౌతాయి. అసలు సంగతి ఏంటంటే ఈ పొక్కుల్లో చాలా భాగం షేవింగ్ సరిగ్గా చేయకపోవడం వల్ల రావు, మరీ నున్నగా చేయడం వల్ల వస్తాయి.

ఎందుకో తెలియాలంటే ముందు వెంట్రుక సంగతి చూడాలి. తల మీద జుట్టు తిన్నగా ఉన్నవాళ్ళకి కూడా గజ్జల దగ్గర వెంట్రుకలు మందంగా, ముంగురుల్లా ఒంపు తిరిగి ఉంటాయి, ఎందుకంటే అక్కడ వెంట్రుక పుట్టే కుదురే చర్మం లోపల ఒంగి ఉంటుంది. అలాంటి వెంట్రుకని బ్లేడుతో కోస్తే దాని కొన, వెదురు బొంగుని ఏటవాలుగా నరికినప్పుడు వచ్చే మొనలాగా సూదిగా తయారవుతుంది. ఆ సూది మొన పెరిగేటప్పుడు తిన్నగా పైకి రాదు, దాని సహజ గుణం ఒంపు తిరగడం కాబట్టి బయటికొచ్చి మళ్ళీ వంగి పక్కనున్న చర్మంలోకి గుచ్చుకుంటుంది. ఇది ఒక రకం. ఇంకో రకం ఇంతకన్నా చెడ్డది, వెంట్రుకని చర్మం మట్టం కన్నా కిందికి కోసేస్తే అది అసలు బయటికే రాకుండా లోపల కుదురు గోడనే పొడిచేసుకుని పక్కకి పోతుంది. రెండిట్లోనూ శరీరానికి అది బయటి వస్తువే, ముల్లు గుచ్చుకుంటే ఎలా వాస్తుందో అలాగే వాచి ఎర్రబడి పొక్కు లేస్తుంది. డాక్టర్లు దీన్ని సూడోఫాలిక్యులైటిస్ అంటారు, మామూలుగా ఇన్‌గ్రోన్ హెయిర్ అంటున్నాం కదా అదే. ఇందులో మొదట ఇన్‌ఫెక్షన్ ఏమీ ఉండదు, గోకడం వల్లనో చెమట వల్లనో తర్వాత బ్యాక్టీరియా చేరితే అప్పుడు చీము పడుతుంది.

ఇప్పుడు రేజర్ దగ్గరకొద్దాం. రెండు బ్లేడ్ల రేజర్ 1971లో ట్రాక్ టూ పేరుతో జిలెట్ తెచ్చింది, 1998లో మూడు బ్లేడ్ల మాక్ త్రీ, 2006లో ఐదు బ్లేడ్ల ఫ్యూజన్. బ్లేడ్లు పెరిగేకొద్దీ మొదటి బ్లేడు వెంట్రుకని పట్టి కొంచెం పైకి లాగుతుంది, అది వెనక్కి జారేలోపు వెనకాల బ్లేడు కోస్తుంది, కోయగా మిగిలిన మొదలు చర్మం లోపలికి వెళ్ళిపోతుంది. అందుకే అంత నున్నగా వస్తుంది. మొహం మీద తిన్నటి వెంట్రుకలున్న మనిషికి ఇది బాగుండొచ్చు, గజ్జల్లో ఒంపు వెంట్రుకలకి మాత్రం ఇదే పైన చెప్పిన రెండో రకం పొక్కుకి దారి. పైగా అదే చోట నాలుగైదు బ్లేడ్లు రెండుమూడు సార్లు తిరిగితే చర్మం పై పొర లేచిపోతుంది, ఆ మంట వేరే.

మరీ దగ్గరగా గీయడమే సమస్య అని ఏదో ఊహించి చెప్తున్న మాట కాదు ఇది. అమెరికా సైన్యంలో రోజూ గడ్డం గీయడం తప్పనిసరి, ఉంగరాలు తిరిగిన వెంట్రుకలుండే నల్లజాతి సైనికుల్లో ఎంతోమందికి మెడ మీద, దవడ కింద ఇవే పొక్కులు. అక్కడ డాక్టర్లు ఏళ్ళ తరబడి రాసిచ్చిన చీటీ ఏంటంటే గడ్డం గీయడం ఆపి, పావు అంగుళం దాటకుండా ట్రిమ్ చేసుకోమని. వెంట్రుక కాస్త పెరిగితే లోపల గుచ్చుకున్న కొన దానంతటదే స్ప్రింగులా బయటికి లేచేస్తుంది. చోటు వేరు గానీ జబ్బు అదే, వైద్యం అదే.

హాస్పిటళ్ళ సంగతి ఇంకా గట్టి సాక్ష్యం. ఆపరేషన్‌కి ముందు రేజర్‌తో షేవ్ చేయడం మన దగ్గర పెద్దా చిన్నా హాస్పిటళ్ళలో ఎప్పట్నించో ఉన్న అలవాటు. కానీ 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది, ఆపరేషన్‌కి ముందు వెంట్రుకలు అసలు తీయొద్దు, తప్పనిసరైతే క్లిప్పర్‌తో మాత్రమే తీయండి, రేజర్ వద్దే వద్దు. కారణం, రేజర్ చేసే కంటికి కనపడని చిన్న చిన్న కోతల్లో బ్యాక్టీరియా చేరి కుట్లు చీము పట్టే ప్రమాదం పెరుగుతుందని. నార్మల్ డెలివరీకి ముందు రొటీన్‌గా షేవ్ చేయొద్దని కూడా అదే సంస్థ 2015లో చెప్పింది. అయినా కాన్పుకెళ్ళే ఆడవాళ్ళకి ముందే షేవ్ చేసుకుని రమ్మనడం, లేదా లేబర్ రూమ్‌లో ఆదరాబాదరా డ్రై రేజర్ పెట్టేయడం ఇంకా జరుగుతూనే ఉంది, ఆ నొప్పుల మధ్య ఈ కోతలు ఎందుకో ఎవరైనా గట్టిగా అడగాల్సిందే, అడిగే హక్కు ఆవిడకుంది.

అంటే పొక్కులు రాకూడదు అనుకునేవాళ్ళకి మొదటి సలహా రేజర్ మార్చమని కాదు, రేజర్ పక్కనపెట్టి ట్రిమ్మర్ కొనుక్కోమని. ట్రిమ్మర్‌కి గార్డ్, అంటే దువ్వెనలాంటి చిన్న తొడుగు పెట్టి ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు వదిలేస్తే వెంట్రుక కొన చర్మం పైనే ఉంటుంది, లోపలికి పోయే అవకాశం దాదాపు ఉండదు, తెగే భయం తక్కువ, బాత్రూంలో వంగి అద్దం పెట్టుకుని పడే కష్టమూ తక్కువ. గార్డ్ లేకుండా ఉత్త బ్లేడు పెట్టి మడతల్లో తోస్తే మాత్రం అక్కడి మెత్తటి చర్మం పళ్ళ మధ్య ఇరుక్కుని తెగుతుంది, గార్డ్ తీయకుండా ఉండటమే మంచిది. ఇంట్లో ఆయన గడ్డానికి వాడే ట్రిమ్మర్ వాడేయడం చాలామంది చేస్తారు, అది వద్దు, పులిపిర్లు, మొలస్కమ్ అనే నీటి గింజల్లాంటి పొక్కులు ఇలాగే ఒక చోటు నుంచి ఇంకో చోటుకి, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. రేజరైతే ఇంకా ప్రమాదం, రక్తం తగిలే వస్తువు కాబట్టి హెపటైటిస్ బి, సి లాంటివి కూడా పంచుకున్న రేజర్ ద్వారా రావచ్చు.

అసలు తీయాలా అనే ప్రశ్న కూడా ఉంది. ఆరోగ్యం కోసం అయితే అక్కర్లేదు, ఆ వెంట్రుకలు మురికి కాదు, రోజూ నీళ్ళతో కడుక్కుంటే శుభ్రంగానే ఉంటాయి, బట్టల రాపిడి నుంచి చర్మాన్ని కాపాడతాయి కూడా. అమెరికాలో ఏడున్నర వేలమందిని అడిగి 2017లో జామా డెర్మటాలజీలో వేసిన సర్వేలో, అక్కడి వెంట్రుకలు తీసుకునేవాళ్ళలో సుమారు నాలుగో వంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు గాయమైందని తేలింది, అందులో ఎక్కువ కోతలే. అయినా ఇష్టం, సౌకర్యం, అలవాటు, మతాచారం, ఎవరి కారణం వాళ్ళకుంటుంది, అది వేరేవాళ్ళు తీర్పు చెప్పే విషయం కాదు. తీయాలనుకున్నాక చర్మం చెడకుండా ఎలా అన్నదే ఇక్కడి మాట.

సరే, రేజరే కావాలి అనుకుంటే, ముందు పొడుగ్గా ఉన్నవి కత్తెరతోనో ట్రిమ్మర్‌తోనో పొట్టిగా చేయాలి, పొడుగు వెంట్రుకల మీద రేజర్ పెడితే బ్లేడ్ల మధ్య చిక్కుకుని కోయదు, పీకుతుంది. తర్వాత గోరువెచ్చటి నీళ్ళు, స్నానం మొదట్లో కాకుండా చివర్లో షేవ్ చేస్కుంటే సరిపోతుంది, ఐదు నిమిషాలు తడిస్తే వెంట్రుక నీళ్ళు పీల్చుకుని మెత్తబడుతుంది, మెత్తబడిన వెంట్రుకని కోయడానికి బలం తక్కువ చాలు. బలం తక్కువైతే నొక్కడం తక్కువ, నొక్కడం తక్కువైతే కోత తక్కువ. పొడి చర్మం మీద గీయడం, ఆఫీసుకి టైమైపోతుందని ఒంటి సబ్బు నురగ రెండు నిమిషాలు రాసి లాగేయడం, ఇవే సగం మంటకి కారణం. సబ్బు బిళ్ళ క్షార గుణం ఉన్నది, చర్మం కొద్దిగా ఆమ్ల గుణంతో ఉంటుంది, సబ్బు దాన్ని పొడిబారుస్తుంది. దానికి తోడు మన ఊళ్ళలో బోరు నీళ్ళు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఎండాకాలం ట్యాంకర్ నీళ్ళు, ఉప్పదనం ఎక్కువగా ఉండే ఈ నీళ్ళలో సబ్బు నురగే రాదు, బకెట్ అంచుకి పట్టే తెల్ల జిడ్డులాంటిదే చర్మం మీదా మిగిలిపోతుంది, రేజర్ దాని మీద జారదు, తట్టుకుంటూ పోతుంది. అందుకని వాసన లేని షేవింగ్ జెల్ మంచిది, అది లేకపోతే జుట్టుకి వాడే కండిషనర్ కూడా జారుడుకి పనికొస్తుంది, కాకపోతే బయట చర్మం మీదే, యోని లోపలి పెదవుల దగ్గర మెత్తటి తడి చర్మానికి ఏదీ తగలకూడదు, అక్కడ బ్లేడు కూడా పెట్టకూడదు.

బ్లేడ్లు ఎన్ని తక్కువైతే అంత మేలు, ఒకటో రెండో చాలు. కొత్తగా, పదునుగా ఉండాలి, ఐదారు సార్లు వాడాక మార్చేయాలి, బాత్రూంలో తడి మీద వదిలేస్తే తుప్పూ పడుతుంది క్రిములూ చేరతాయి కాబట్టి కడిగి దులిపి బయట ఆరే చోట పెట్టాలి.

ఇక గీసే పద్ధతి, పొక్కులు వచ్చేదీ రానిదీ ఎక్కువగా ఇక్కడే తేలుతుంది. వెంట్రుక పెరిగే దిక్కునే గీయాలి అని అందరూ చెప్తారు, కానీ ఆ దిక్కు అన్ని చోట్లా ఒకటి కాదు. పొత్తికడుపు కింద ఎత్తుగా ఉన్న చోట వెంట్రుకలు ఎక్కువగా కిందికి, మధ్యకి దిగుతాయి, పక్కలకి తొడల మొదట్లోకి వచ్చేసరికి ఏటవాలుగా తిరుగుతాయి, ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. చేత్తో తడిమితే తెలుస్తుంది, ఏ వైపు నిమిరితే మెత్తగా పడుకుంటాయో అదే దిక్కు, ఎదురు నిమిరితే గరుగ్గా తగుల్తాయి. మొదటిసారి అయితే నురగ రాయకముందే అద్దంలో చూసుకుని తడిమి తెలుసుకోవాలి, నురగ రాశాక ఏమీ కనపడదు. తర్వాత పొట్టి పొట్టి గీతలు, ఒక్కో గీత తర్వాత బ్లేడు కడగడం, చేతిని బరువుగా నొక్కకుండా రేజర్ బరువుతోనే పోనివ్వడం. వెళ్ళిన చోటికే మళ్ళీ మళ్ళీ వెళ్ళకూడదు, ఒకటి రెండు వెంట్రుకలు మిగిలినా వదిలేయాలి. వాటిని పట్టుకుని ఎదురు గీస్తేనే ఇంత కథా మొదలౌతుంది.

చర్మాన్ని లాగి పట్టుకోవడం గురించి రెండు రకాల మాటలు వినపడతాయి, గట్టిగా లాగి బిగించి గీస్తే నున్నగా వస్తుందని కొందరు, అసలు లాగొద్దని కొందరు. గట్టిగా బిగించి కోస్తే, వదిలేసినప్పుడు వెంట్రుక ముక్క లోపలికి జారిపోతుంది, మళ్ళీ అదే రెండో రకం పొక్కు. అసలు పట్టుకోకపోతే మడత చర్మం బ్లేడు కింద ముడుచుకుని తెగుతుంది. కాబట్టి మడత విప్పి సమంగా పరిచేంత మాత్రం పట్టుకోవాలి, డోలు చర్మంలా బిగించకూడదు. కాలు బాత్రూం స్టూలు మీద పెట్టి నిలబడితే గజ్జ మడత దానంతటదే సగం తెరుచుకుంటుంది, అప్పుడు వేళ్ళతో పని తక్కువ.

అయిపోయాక చల్లటి నీళ్ళు పోసి, మెత్తటి టవల్‌తో అద్దాలి, రుద్దకూడదు. వాసన లేని మాయిశ్చరైజర్ పల్చగా రాస్తే చాలు. ఆఫ్టర్ షేవ్, సెంటు కలిపిన లోషన్లు, నిమ్మకాయ, పసుపులో ఇంకేదో కలిపిన పట్టీలు వద్దు. పటిక గురించి కూడా అడుగుతుంటారు, మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దేది అదే కదా అని, చిన్న కోతకి రక్తం ఆపుతుంది నిజమే కానీ చర్మాన్ని ఎండబెట్టి బిగిస్తుంది, మడతల్లో అది ఇంకా దురద తెప్పిస్తుంది. యాంటిసెప్టిక్ ద్రవం నీళ్ళు కలపకుండా నేరుగా పూసేసేవాళ్ళున్నారు, మండితే క్రిములు చచ్చినట్టని నమ్మకం, అది చర్మం కాలడం తప్ప ఇంకేం కాదు. పౌడర్ చల్లితే చెమటతో కలిసి ఉండలు కట్టి మడతలో రాపిడి పెంచుతుంది.

ఆ తర్వాత రెండు రోజులు వేసుకునే బట్టలు కూడా ముఖ్యమే. రోహిణి కార్తెలో విజయవాడలోనో రాజమండ్రిలోనో షేవ్ చేసిన మర్నాడు బిగుతు లెగ్గింగ్స్, నైలాన్ లోదుస్తులు, గంట సేపు స్కూటీ మీద కూర్చోవడం, ఇలా చెమట, వేడి, రాపిడి మూడూ కలిస్తే ఎంత జాగ్రత్తగా గీసినా పొక్కులు రాకుండా ఉండవు. రాత్రి పడుకునే ముందు షేవ్ చేసుకుని కాటన్ లోదుస్తులు, వదులు పైజామానో నైటీనో వేసుకుంటే చర్మానికి ఆరేడు గంటలు ఊపిరి దొరుకుతుంది. నెలసరి రేపో ఎల్లుండో అన్నప్పుడు షేవ్ చేయడం చాలామందికి అలవాటు, శుభ్రంగా ఉంటుందని, కానీ ప్యాడ్ అంచు సరిగ్గా ఆ గీసిన చోటే ఐదు రోజులు ఒరుసుకుంటుంది. ఓ నాలుగైదు రోజులు ముందు చేసుకోవడమో లేదా ట్రిమ్మర్‌తో సరిపెట్టుకోవడమో మేలు.

పెళ్ళికూతుళ్ళ సంగతి ఇక్కడ చెప్పకపోతే తప్పు. అప్పటివరకు ఎప్పుడూ చేయని పిల్ల పెళ్ళికి ముందురోజు మొదటిసారి రేజర్ పడుతుంది, ఎవరో ఫ్రెండ్ చెప్పిందని, లేదా పార్లర్ బ్రైడల్ ప్యాకేజీలో బికినీ వ్యాక్స్ ఉందని చేయించుకుంటుంది. ఆ మర్నాడు మంగళస్నానం, నలుగు పెట్టి సున్నిపిండితో గరగరా రుద్దుతారు, గీసిన చర్మానికి తొడల దాకా ఆ పిండి తగిలితే మంట లేవక ఏమౌతుంది, పైన పట్టుచీర, బిగించిన లంగా బొందు, పీటల మీద గంటల తరబడి కూర్చోవడం. పొక్కులు సరిగ్గా మూడో రోజుకి లేస్తాయి. చేయాలనుకుంటే రెండుమూడు నెలల ముందే ఒకసారి చేసి చర్మం ఎలా ఉందో చూసుకోవాలి, పెళ్ళికి నాలుగు రోజుల ముందు చివరిసారి చేసుకోవాలి, నలుగు ఆ చోటికి తగలనివ్వకూడదు.

వ్యాక్సింగ్‌కి మారితే పొక్కులు రావనుకోవడం కూడా పూర్తిగా నిజం కాదు, వెంట్రుక మధ్యలో తెగితే అదే కథ, కొత్తగా వచ్చే సన్నటి వెంట్రుక చర్మాన్ని చీల్చుకుని రాలేక లోపలే చుట్టుకోవడం ఇంకో కథ. హెయిర్ రిమూవల్ క్రీములు వెంట్రుకని కరిగించి మొద్దు కొన వదుల్తాయి కాబట్టి పొక్కుల పరంగా రేజర్ కన్నా నయం, కానీ వాటి క్షార గుణం చాలా ఎక్కువ, చెప్పిన టైం దాటి ఉంచినా లోపలి చర్మానికి తగిలినా కాలిపోతుంది, బికినీ ఏరియాకని రాసి ఉన్నదే తీసుకుని ముందు తొడ మీద కొంచెం రాసి ఒక రోజు చూడాలి. షేవ్ చేస్తే వెంట్రుకలు మందంగా వస్తాయన్న భయం మాత్రం అక్కర్లేదు, 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త గడ్డాల మీద కొలిచి చూసి అదేం లేదని తేల్చారు, కోసిన కొన గరుగ్గా తగుల్తుంది అంతే.

పొక్కులు వచ్చేశాయి అనుకుందాం, అప్పుడు మొదటి పని షేవింగ్ ఆపడం, అన్నీ మానేదాకా, నెల పట్టినా సరే. రోజుకి రెండు మూడు సార్లు గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన శుభ్రమైన గుడ్డ పది నిమిషాలు పెడితే వాపు తగ్గి వెంట్రుక పైకి వస్తుంది. చర్మం కింద వెంట్రుక చుట్ట కనపడుతుంటే గోళ్ళతో గిల్లి పీకాలనిపిస్తుంది, పీకితే కొత్తది మళ్ళీ లోపలే మొలుస్తుంది, గిల్లితే మచ్చ పడుతుంది, మన గోధుమరంగు చర్మాలకి ఆ మచ్చలు ఎక్కువ, ఎక్కువ రోజులు ఉంటాయి. చుట్ట పైకి తేలి ఉంటే మాత్రం స్పిరిట్‌తో తుడిచిన పట్టకారుతో కొన విడిపించి వదిలేయొచ్చు, లాగకూడదు. పదే పదే వచ్చేవాళ్ళకి సాలిసిలిక్ యాసిడ్ గానీ గ్లైకోలిక్ యాసిడ్ గానీ తక్కువ శాతంలో ఉన్న లోషన్ పనికొస్తుంది, షేవ్ చేసిన రోజు కాకుండా మంట పూర్తిగా పోయాక, బయట చర్మానికి మాత్రమే.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. మెడికల్ షాపులో దురద అనగానే చేతిలో పెట్టే ట్యూబులు, స్టెరాయిడ్, యాంటీఫంగల్, యాంటీబయాటిక్ మూడూ కలిపినవి, రాయగానే రెండు రోజుల్లో ఎరుపు తగ్గి అద్భుతంలా ఉంటుంది. గజ్జల చర్మం పల్చన, మడత వల్ల మందు ఇంకా లోతుగా ఇంకుతుంది, వారాలు రాస్తే చర్మం ఇంకా పల్చబడి చారలు పడతాయి, అవి ఇక పోవు. తామర ఉన్నచోట రాస్తే దురద అణిగి ఫంగస్ మాత్రం లోపల పాకుతూనే ఉంటుంది, దేశమంతా మొండి తామర ఇంతలా పెరగడానికి ఈ ట్యూబులు పెద్ద కారణమని చర్మ డాక్టర్లు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు.

అసలు అన్నీ షేవింగ్ పొక్కులేనా అన్నది కూడా చూడాలి. అంచు ఎర్రగా, మధ్యలో కాస్త తేటగా గుండ్రంగా పాకుతూ దురద పెడితే అది తామర, దాని మీద రేజర్ నడిపితే పక్కకి పాకుతుంది. ముత్యాల్లా మెరుస్తూ నడిమధ్య చిన్న గుంట ఉంటే మొలస్కమ్. నీటి పొక్కులు గుంపుగా వచ్చి మంటతో పగిలితే హెర్పిస్ అనే వైరస్ జబ్బు కావచ్చు, ఆగకుండా చూపించాలి. గజ్జల్లోనూ చంకల్లోనూ సెగ్గడ్డల్లాంటివి నెలనెలా తిరిగి తిరిగి వస్తూ, చీముతో పగిలి, మచ్చలు గట్టిపడి, షేవింగ్ మానేసినా వస్తుంటే అది హైడ్రాడెనైటిస్ అనే వేరే జబ్బు, దీన్ని ఏళ్ళ తరబడి శుభ్రత లేకపోవడం అనుకుని ఆడపిల్లల్నే తిడుతుంటారు, శుభ్రతకీ దానికీ సంబంధం లేదు, మందులున్నాయి, ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది. పొక్కు చుట్టూ ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా, గజ్జల్లో బిళ్ళలు కట్టి నడవడం కష్టమైనా, షుగర్ ఉన్నవాళ్ళకి చిన్న చీముగడ్డైనా ఇంట్లో కూర్చోకూడదు. ఆడ డాక్టర్ కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగొచ్చు, తోడు ఒకరిని లోపలికి తీసుకెళ్ళొచ్చు.

ఏం చేసినా తిరిగి తిరిగి వచ్చేవాళ్ళకి చివరి దారి లేజర్, ఇందులో వెంట్రుక కుదురునే దెబ్బతీస్తారు కాబట్టి పొక్కులకి నిజంగా పనిచేస్తుంది. మన రంగు చర్మానికి 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎన్‌డీ యాగ్ అనే రకం లేజర్ సురక్షితమైనదిగా లెక్క, డయోడ్ అనే ఇంకో రకం కూడా వాడతారు కానీ సెట్టింగ్ తెలిసిన చేతిలో ఉండాలి, లేదంటే కాలి మచ్చలు పడతాయి. నెలా నెలన్నర ఎడంతో ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు మామూలు, వెంట్రుకలు బాగా తగ్గుతాయి, సన్నబడతాయి, పూర్తిగా శాశ్వతంగా పోతాయని ఎవరైనా రాసిస్తామంటే నమ్మక్కర్లేదు, పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉన్నవాళ్ళకి మళ్ళీ మళ్ళీ టచప్ కావాలి. డబ్బు కట్టే ముందు మెషీన్ ఏ రకం, చేసేది డాక్టరా టెక్నీషియనా, ముందు చిన్న చోట ప్యాచ్ టెస్ట్ చేస్తారా అని అడగాలి, సిట్టింగుల మధ్యలో వ్యాక్సింగ్ చేయకూడదు, కుదురులో వెంట్రుక లేకపోతే లేజర్‌కి పట్టుకోవడానికి ఏమీ ఉండదు.